నంబరు 31: బావకు ఇచ్చిన ప్రతి

ఆ ఆదివారం పదకొండున్నరకి మా మేడ గదిలో ఉన్న మనుషులు ముగ్గురు: నేను, మాస్టారు, గుమ్మంలో తడిబట్టల బకెట్టుతో మా అమ్మ. ఉన్న వస్తువులు: ఇనప బీరువా ఒకటి, అందులో నలభై ఏడు నవలలు, లాప్‌టాప్ ఒకటి, మంచం ఒకటి, కుర్చీ ఒకటి, టీ గ్లాసులు రెండు, రిపేరుకని మూత విప్పిన ముప్ఫై కిలోల ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, మాస్టారు చర్చి నుంచి అట్నించటే తెచ్చిన బైబిలు సంచి ఒకటి. ఆ నలభై ఏడు నవలల్లో ఒకటి మాస్టారు రాసింది. ఆయన వచ్చింది దానికోసమే.

మాస్టారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఎనిమిదో తరగతిలో నాకు సోషల్ చెప్పారు. నాలుగు నవలలు రాశారు. అనకాపల్లిలో మా రచయితల సంఘానికి ఆయనే పెద్ద దిక్కు. ఆ సంఘంలో నేను అందరికంటే చిన్నవాణ్ణి. నేనూ ఒక నవల అచ్చు వేయించుకున్నాను కాబట్టి చేర్చుకున్నారు.

"నా మొదటి నవల నీ దగ్గరున్నాదటగదా" అన్నారు మాస్టారు.

"ఉందండి. నంబరు ముప్ఫై ఒకటి."

"నంబరు కూడా వేసేవేటి?"

విజయవాడ నుంచి ఒక ప్రచురణకర్త ఆ నవలకి రెండో ముద్రణ వేస్తానన్నాడట. టైపు చేయించడానికి ఒక ప్రతి కావాలి. మాస్టారి ఇంట్లో మిగిలిన రెండు ప్రతుల్నీ చెదలు తినేశాయి. తెలిసినవాళ్లందరినీ అడిగితే అందరూ "ఇంట్లో ఎక్కడో ఉండాలండి" అన్నారట. పది రోజుల్లో ప్రతి చేరకపోతే ఆ ప్రచురణకర్త వరసలో తర్వాతి పుస్తకానికి వెళ్లిపోతాడు. మాస్టారికి డెబ్బై నాలుగేళ్లు. మళ్లీ వరస ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ నా సేకరణ గురించి చెప్పాలి.

నేను డిప్లొమా చేసింది ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో. పని కాటాల సర్వీసింగు. బెల్లం మార్కెట్లోనూ, కిరాణా కొట్లలోనూ, పాత పేపర్ల కొట్లలోనూ ఉన్న ఎలక్ట్రానిక్ కాటాల్ని సరిచూసి సీలు వేయిస్తాను. నాలుగేళ్ల కిందట కశింకోట రోడ్డులోని ఒక పాత పేపర్ల కొట్లో కాటా పరీక్షించడానికి బరువు కావాలంటే, ఆ కొట్టతను పుస్తకాల కట్ట ఒకటి తెచ్చి పెట్టాడు. పైనున్న నవల అట్ట తెరిచి ఉంది. మా సంఘంలోని ఒక రచయిత మా సంఘంలోని మరో రచయితకి "సోదర సమానులకు, గౌరవంతో" అని సంతకం చేసి ఇచ్చిన ప్రతి. మూడు కిలోల రెండు వందల గ్రాముల కట్టలో అలాంటివి నాలుగు దొరికాయి.

మా సంఘంలో ప్రతి రచయితా తన నవల రాగానే మిగతా రచయితలందరికీ ఇస్తాడు. అందరూ రెండు చేతులతో పుచ్చుకుంటారు. ఇంటికి తీసుకెళ్తారు. ఆ తర్వాత ఆ పుస్తకానికి ఏమవుతుందో ఎవరూ అడగరు, అడిగితే తనదీ అడుగుతారని. నేను అడగకుండా తెలుసుకునే మార్గం కనిపెట్టాను. కాటా రిపేరుకి వెళ్లినప్పుడల్లా కొట్టతను సంతకాలున్న నవలలు పక్కన పెట్టి ఉంచేవాడు.

"సంతకం ఉన్నంత మాత్రాన బరువేటీ పెరగదు బాబూ" అనేవాడు. "నీకెందుకివి?"

ఎందుకో చెప్పడం కష్టం కాబట్టి రిజిస్టరు పెట్టాను. అందులో కాలమ్‌లు: క్రమ సంఖ్య, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, సంతకం సిరా రంగు, దొరికిన చోటు, ఎంతవరకు చదివారు. చివరి కాలమ్ నింపడానికి పద్ధతి ఉంది. కొత్త పుస్తకంలో కోత దగ్గర కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. చదివినంత మేరా విడిపోతాయి. అడుగు మూలల్లో వేలి మరక ఎక్కడితో ఆగిందో చూడాలి. పేజీల మధ్య మరిచిపోయిన వస్తువులు చూడాలి. నంబరు 12లో ముప్ఫై నాలుగో పేజీ దగ్గర ఎలమంచిలి బస్సు టికెట్టు ఉంది. ఆ పాఠకుడు ఎలమంచిలిలో బస్సు దిగాడు, నవల్లోంచి కూడా అక్కడే దిగిపోయాడు. నంబరు 26లో పెళ్లి శుభలేఖ ఉంది, కానీ అది ఒకటో పేజీలోనే ఉంది కాబట్టి లెక్కలోకి రాదు.

మొత్తం నలభై ఏడు. అసలు తెరవనివి పందొమ్మిది. ఇరవై పేజీల లోపు ఆగినవి పదహారు. సగం దాకా వెళ్లినవి ఎనిమిది. పూర్తిగా చదివినవి నాలుగు. ఈ మొత్తంలో నా నవల ప్రతులు మూడున్నాయి. నంబర్లు 9, 22, 40. వాటి వివరాలు చెప్పను. రిజిస్టరులో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను.

పూర్తిగా చదివిన నాలుగింట్లో మూడు మామూలువి. నాలుగోది నంబరు 31, మాస్టారి మొదటి నవల. బెల్లం మార్కెట్ మీద రాసిన నవల. లోపలి అట్ట మీద మాస్టారి దస్తూరీలో "బావకు. మొహమాటం లేకుండా చదివి, నిజం చెప్పు" అని ఉంది. ఆ బావ చదివాడు. పేజీల అంచుల నిండా సన్నటి పెన్సిల్ రాతలు. నేను లెక్కపెట్టాను: రెండు వందల పద్నాలుగు. చివరి పేజీలో అడుగున "మూడోసారి" అని ఉంది.

ఆ రాతలు ఇలా ఉంటాయి. తొమ్మిదో పేజీ: "బెల్లం దిమ్మ పదిహేను కిలోలు. ముసలమ్మ ఒంటిచేత్తో ఎత్తలేదు." నలభై ఒకటో పేజీ: "వేలం పొద్దున్న. సాయంత్రం కాదు." యాభై ఎనిమిదో పేజీలో, బెల్లం వండే పెనం పక్కన నాయికా నాయకులు మాట్లాడుకునే చోట: "ఈ పేరా చాలా బాగుంది. కానీ ఇంతసేపు కలపకపోతే పాకం మాడిపోద్ది."

రిజిస్టరులో మొదట "పుచ్చుకున్నవారు: బావ (తెలియదు)" అని రాసుకున్నాను. తర్వాత ఒకసారి మార్కెట్ యార్డులో షావుకారు గారి కొట్లో కాటా చూడ్డానికి వెళ్తే, ఆయన రాస్తున్న చీటీలో ఏడంకెకి నడుమ అడ్డగీత కనిపించింది. పుస్తకం అంచుల్లోని ఏడంకెలకీ అదే అడ్డగీత. షావుకారు గారిది మూడు తరాల బెల్లం వ్యాపారం. ఆయన కూడా రెండు నవలలు రాశారు. మాస్టారూ ఆయనా ఒకప్పుడు బావా అంటే బావా అనుకునేవారు. మతాలు వేరు, కులాలు వేరు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చోవడం వల్ల కలిసిన వరస.

ఇరవై రెండేళ్లుగా వాళ్లకి మాటల్లేవు. కారణం సంఘంలో అందరికీ తెలుసు. మాస్టారి మొదటి నవల సభలో పుస్తకం మీద మాట్లాడమని షావుకారు గారిని పిలిచారు. మా సభల్లో ఒక లెక్క ఉంది. పుస్తకం చదివినవాడు పుస్తకం గురించి మాట్లాడతాడు. చదవనివాడు రచయిత మంచితనం గురించి మాట్లాడతాడు. షావుకారు గారు లేచి నలభై నిమిషాలు మాస్టారి మంచితనం గురించి మాట్లాడారు. నవల పేరు కూడా ఎత్తలేదు. సభలో ఉన్నవాళ్లందరికీ అర్థమైంది, మాస్టారికి అందరికంటే ముందు అర్థమైంది: ప్రాణస్నేహితుడు పుస్తకం తెరవను కూడా తెరవలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ రోడ్డు మీద ఎదురైతే ఒకరు మందుల షాపు వైపు, ఒకరు కిళ్లీ కొట్టు వైపు చూసేవారు.

అందుచేత ఆ ఆదివారం నా బీరువాలో ఉన్నది మాస్టారు అనుకున్న పుస్తకం కాదు. చూపించకపోవడానికి నాకు రెండు కారణాలు. మొదటిది: అందులో తన తప్పులు రెండు వందల పద్నాలుగు చూస్తే ఆయన రెండో ముద్రణే వద్దంటారు. ఒకే ఒక్క తప్పు దొర్లిందని పత్రికకి పంపిన కథని వెనక్కి తెప్పించుకున్న మనిషి. రెండోది: చూస్తే ఆయన పుస్తకం అడుగుతారు. నా సేకరణలో మూడుసార్లు చదివిన ప్రతి అదొక్కటే. నిజాయితీ ప్రకారం అమర్చితే రెండోది ముందు రావాలి.

"మాస్టారూ, పుస్తకం బయటికివ్వను, అది రూలండి. కానీ పేజీలన్నీ స్కాన్ చేసి ప్రింట్ తీసిస్తాను. మూడు రోజులు."

"మంచిదే. ఓసారి సూపించు మరి."

"బీరువాలో పురుగుల మందు పెట్టానండి. మూడు రోజులు తియ్యకూడదు."

గుమ్మంలోంచి మా అమ్మ అంది: "మందెప్పుడెట్టేవు? పొద్దున్నే గదా బీరువా తీసి ఏదో రాసుకుంతన్నావు."

"పొద్దున్నే పెట్టానమ్మా."

"తాళం నీ మొలతాడుకే ఉన్నాది గదేటి, మాస్టారు అంత దూరం నుంచి వచ్చేరు. ఊరంతా పారేసినవి నువ్వు దాసుకుంతన్నావు, అందులో ఒకటి ఇచ్చీరాదా?"

మాస్టారు పెద్దమనిషి. "పర్లేదమ్మా, పద్ధతంటే పద్ధతే" అని టీ తాగి వెళ్లిపోయారు. మా అమ్మ బకెట్టు తీసుకుని డాబా మీదికి వెళ్తూ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపుని నేను నమోదు చేయలేదు.

నా పథకం ఇది. ఫోన్‌లో స్కాన్ చేసే యాప్‌లో నలుపు తెలుపు సెట్టింగు ఉంటుంది. కాంట్రాస్ట్ పెంచితే అచ్చు అక్షరాలు నల్లగా నిలబడతాయి, లేత పెన్సిల్ గీతలు తెల్లగా ఎగిరిపోతాయి. తొమ్మిదో పేజీ మీద ఏడు సెట్టింగులు ప్రయత్నించాను. ఐదోది సరిపోయింది. ముసలమ్మ దిమ్మ ఎత్తుతోంది, పక్కన అభ్యంతరం లేదు. తర్వాత ఇరవై పేజీలు అదే సెట్టింగుతో చేసి ఒక్కొక్కటీ చూశాను. ఇరవైకి ఇరవై శుభ్రం. పరీక్ష నెగ్గినట్టు రాసుకుని, మిగిలిన పేజీలు వరసగా లాగించి, ప్రింట్ తీయించి, రెండు వందల ముప్ఫై ఆరు కాగితాలూ బుధవారం సాయంత్రం మాస్టారింట్లో ఇచ్చి వచ్చాను.

గురువారం పొద్దున్న ఏడింటికి మాస్టారు మా ఇంటికి వచ్చారు. చంకలో కాగితాల కట్ట. మేడ మెట్లు ఎక్కి, కుర్చీలో కూర్చుని, కట్టలోంచి ఒక కాగితం తీసి మంచం మీద పెట్టారు. నూట పదమూడో పేజీ. అంచున నల్లగా, స్పష్టంగా, అచ్చు అక్షరాల కంటే ముదురుగా ఉంది: "ఆషాఢంలో గానుగ ఎవడాడతాడు బావా? చెరక్కి 7 నెలలైనా నిండవు."

షావుకారు గారి పెన్సిల్ నూట పన్నెండో పేజీలో అరిగిపోయినట్టుంది. నూట పదమూడు నుంచి చివరి దాకా నల్ల బాల్‌పెన్‌తో రాశారు. రాతలన్నీ చదివిన నేను రంగు మారిన సంగతి పట్టించుకోలేదు. నా రిజిస్టరులో సంతకం సిరా రంగుకి కాలమ్ ఉంది, అంచు రాతల రంగుకి లేదు. ఇప్పుడుంది.

"ఏడుకి అడ్డగీత పెట్టేవాడు ఈ ఊళ్లో ఒక్కడే" అన్నారు మాస్టారు. "ఒరే, పురుగుల మందు ఆరిందా?"

"ఆరిందండి."

"తీ మరి."

తాళం మొలతాడుకే ఉంది. తీశాను.

ఆయన పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటి పేజీ నుంచి చూడ్డం మొదలుపెట్టారు. అచ్చు చదవడం లేదు, అంచులే. నేను కాటా మూత బిగిస్తున్నట్టు కూర్చున్నాను. మా అమ్మ ఇడ్లీ తెచ్చింది, చల్లారింది. మళ్లీ టీ తెచ్చింది, అదీ చల్లారింది. ఒక చోట "వేలం పొద్దున్నే అని నాకు తెలుసు, సాయంత్రమైతేనే దీపాలు పెట్టడానికి వీలు" అని తనలో తాను అన్నారు. ఒక చోట "దొంగ సచ్చినోడు" అన్నారు. యాభై ఎనిమిదో పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగారు. చివరి పేజీకి వచ్చేసరికి తొమ్మిదిన్నరైంది. "మూడోసారి" అన్న మాట మీద వేలు పెట్టి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. మాట అదే.

"బండి తియ్యి" అన్నారు.

సీజను కాదు కాబట్టి యార్డు ఖాళీగా ఉంది. షావుకారు గారు కొట్లో గద్దె మీద కూర్చుని పేపరు చూస్తున్నారు. నన్ను చూసి, "కాటా బాగానే ఉన్నాది గదా, మళ్లీ ఎందుకొచ్చేవు" అనబోయి, నా వెనకాల మాస్టారిని చూసి సగంలో ఆపేశారు. మాస్టారు పుస్తకం తెరిచి గద్దె మీద పెట్టారు.

ఇరవై రెండేళ్ల తర్వాత మొదటి మాట షావుకారు గారిది.

"ఇదెక్కడ దొరికినాది? నేనెంత ఎతికేనో."

"చదివేవన్నమాట" అన్నారు మాస్టారు.

"సదవకుండా రాసేననుకున్నావేటి?"

"మరి ఆ రోజు నలభై నిమిషాలు నా మంచితనం గురించి ఎందుకు ఊదరగొట్టేవు?"

"ఏటి సెప్పమంటావు బావా? అంతమంది ముందు నిలబడి, మా బావకి బెల్లం గురించి ఏటీ తెల్దు అని సెప్పమంటావా? నువ్వు కొత్త పంచె కట్టుకుని కూకున్నావు. మీ ఆవిడ ముందు వరసలో ఉన్నాది. అబద్దం ఆడకూడదు, నిజం సెప్పకూడదు. మిగిలింది నీ మంచితనమే. అదీ నాకు పదినిమిషాలకే అయిపోయినాది. మిగతా అరగంట ఎలా లాగేనో నాకే తెలుసు."

"పుస్తకం నాకు ఇచ్చీవలసింది."

"మీటింగయ్యేక ఇద్దామనే సంచీలో పెట్టుకొచ్చేను. మీటింగయ్యేక నువ్వు మాటాడితే గదా. ఉప్మా పొట్లం అటు తిరిగి తిన్నావు. సూసేను. ఆ తర్వాత ఇక్కడే గల్లాపెట్టె కింద ఉండేది. నాలుగేళ్ల కిందట సున్నాలేయించినప్పుడు మా కోడలు కాయితాలన్నీ కలిపి మూటగట్టి ఇచ్చీసింది."

తర్వాత మాస్టారు గద్దె మీద ఎక్కి కూర్చుని, జేబులోంచి పెన్ను తీశారు.

"తొమ్మిదో పేజీ. ముసలమ్మ. ఒప్పుకుంటాను. రెండు చేతులు పెడతాను."

"రెండు సేతులతో కూడా ఎత్తలేదు."

"కోడలు సాయం పడుతుంది."

"కోడలంటే సరే."

అలా మొదలైంది. నేను పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో రెండు కాలమ్‌లు పెట్టాను: ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి. సాయంత్రం వేలం మాస్టారు ఒప్పుకోలేదు. ఆషాఢం గానుగ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి నూట అరవై రెండో రాత దాకా వచ్చాం. అప్పటికి రెండుసార్లు గట్టిగా అరుచుకున్నారు, పక్క కొట్టువాళ్లు వచ్చి చూసి, ఎవరు ఎవరితో అరుస్తున్నారో గమనించి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

నూట అరవై మూడో రాత దగ్గర మాస్టారు ఆగిపోయారు. నూట ఎనభై ఏడో పేజీ. ఆ నవలకి ప్రాణం ఆ పేజీలోనే ఉంది. నాయకుడు ఊరు విడిచి వెళ్తూ, పాకం గట్టిపడేలోపు ఒక ఉత్తరం అందులో పెట్టి దిమ్మ కట్టిస్తాడు. శ్రావణంలో ఆ అమ్మాయి దిమ్మ పగలగొట్టి, ఉత్తరం చదువుకుని, స్టేషనుకి బయల్దేరుతుంది. అంచున ఉన్న రాత: "వానాకాలం బెల్లం నీరు కారుద్ది. ఉత్తరం మిగల్దు."

"ఇది ఒప్పుకుంటే నా నవల లేదు" అన్నారు మాస్టారు.

"నిజం సెప్పమన్నావు, రాసేను. శ్రావణంలో దిమ్మ గట్టిగా పట్టుకుంటేనే సేతికి అంటుద్ది. అందులో కాయితం ఏటవుద్ది?"

"నువ్వు ఎప్పుడైనా పెట్టి చూసేవా?"

"బెల్లంలో ఉత్తరం ఎవడెడతాడు బావా?"

"మరి ఎలా చెప్తావు?"

షావుకారు గారు నా వైపు తిరిగారు. "నువ్వు సెప్పు. నువ్వు సదివేవు గదా ఈ నవల?"

నేను ఆ రాతలు రెండు వందల పద్నాలుగూ చదివాను, కొన్ని రెండుసార్లు. నవల చదవలేదు. ఆ మాట చెప్పాను. ఇద్దరూ నన్ను కాసేపు చూశారు. ఆ చూపులో ఇద్దరూ ఒకే పక్షం.

"సరే" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "పరీక్ష పెట్టి చూద్దాం."

ఆషాఢం వెళ్లి శ్రావణం వస్తోంది. టైపు పని నెల పడుతుందని, దిద్దుబాట్లు ప్రూఫులప్పుడు చేసుకోవచ్చని ప్రచురణకర్త ఫోన్లో ఒప్పుకున్నాడు. టైపుకి కావలసిన ప్రతి గడువులోపే వెళ్లిపోయింది, నేను మళ్లీ తీసిన స్కాన్‌తో. ఈసారి రెండు వందల ముప్ఫై ఆరు పేజీలూ ఒక్కొక్కటీ చూసి, అంచు రాతలు కత్తిరించి పంపాను. షావుకారు గారు ఇంట్లో పెద్ద గిన్నెలో బెల్లం కరిగించి పాకం పట్టించారు. నవల్లో ఉన్న ఉత్తరం నలభై ఆరు మాటలు. దాన్ని మాస్టారు తన దస్తూరీతో, నీలం సిరా పెన్నుతో రాసి, నాలుగు మడతలు పెట్టి పాకంలో దించారు. ఆరిన దిమ్మ నాలుగు కిలోల నూట ఇరవై గ్రాములు తూగింది. కొట్లో కిటికీ పక్కన పళ్లెంలో పెట్టాం.

నవల్లో ఎన్నాళ్లుంటుందో మాస్టారు లెక్కగట్టి పందొమ్మిది రోజులన్నారు. ఆ పందొమ్మిది రోజుల్లో ఆయన దిమ్మని చూడ్డానికి కొట్టుకి పదిహేడు సార్లు వచ్చారు. రాని రెండు రోజులూ ఆదివారాలు కావు, జ్వరం. ఆ రెండు రోజులూ షావుకారు గారే మాస్టారింటికి వెళ్లి, "నీ దిమ్మ నీరు కారతన్నాది" అని చెప్పి వచ్చారు. మూడో రోజు నుంచి చీమలు పట్టాయి. పళ్లెం చుట్టూ నీళ్లు పోశాం. నవల్లో నీళ్లు పోయరు గదా అని షావుకారు గారు అభ్యంతరం పెట్టారు. నవల్లో చీమలు కూడా లేవన్నారు మాస్టారు.

పందొమ్మిదో రోజు నాలుగింటికి తూచాను: మూడు కిలోల తొమ్మిది వందల అరవై. మిగిలింది పళ్లెంలో ఉంది. షావుకారు గారు సుత్తితో కొట్టబోయి, దిమ్మ మెత్తగా ఉందని చూసి, చేత్తోనే విప్పారు. కాగితం బయటికొచ్చింది. గోధుమరంగులో, సాగుతూ. మాస్టారు చేతులు కడుక్కుని, గద్దె మీద తడిగుడ్డ పరిచి, దాని మీద మడతలు ఒక్కొక్కటీ విప్పారు. ముగ్గురం వంగి చూశాం. చదవడానికి వీలైన మాటలు పదకొండు. వాటిలో "స్టేషను" ఒకటి, "మంగళవారం" ఒకటి.

"సూసేవా" అన్నారు షావుకారు గారు.

"చూసేను. పదకొండు ఉన్నాయి."

"ముప్పై ఐదు పోయేయి."

"స్టేషను ఉంది. మంగళవారం ఉంది. ఇంకేటి కావాల?"

షావుకారు గారు ఆలోచించారు. "తెలివైన పిల్లయితే వత్తాది" అన్నారు చివరికి.

"నా పిల్ల తెలివైందే."

ఆ రాత్రే ఆయన ఆ ఘట్టం తిరగరాశారట. ఇప్పుడు ఆ అమ్మాయికి పదకొండు మాటలే దొరుకుతాయి. తనని చూసుకోడానికి పెళ్లివారు వచ్చే వేళకి వాటిని కూడబలుక్కుంటూ నిలబడుతుంది. షావుకారు గారు చదివి, ముందుదానికంటే ఇదే బాగుందని, ఐనా ఆ చీమల సంగతి రాయవలసిందని అన్నారు.

లెక్క తేలింది. ఒప్పుకున్నవి నూట ముప్ఫై తొమ్మిది. ఒప్పుకోనివి డెబ్బై నాలుగు. పరీక్షలో తేలినది ఒకటి.

రెండో ముద్రణ సభ గ్రంథాలయం హాల్లో జరిగింది. హాజరు ముప్ఫై ఎనిమిది మంది, మా అమ్మతో కలిపి. పుస్తకం మీద షావుకారు గారు మాట్లాడారు. మాస్టారు ఒప్పుకోని డెబ్బై నాలుగు తప్పుల్నీ పేజీ నంబర్లతో సహా ఒక్కొక్కటీ వివరించడం మొదలుపెట్టారు. ఇరవై తొమ్మిదో తప్పు దగ్గర సభాధ్యక్షుడు చీటీ పంపాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ముప్ఫయ్యోదానికి వెళ్లారు. వేదిక మీద మాస్టారు కొత్త పంచెలో కూర్చుని, ప్రతి తప్పుకీ తల అడ్డంగా ఊపుతూ, నేను చూసినన్నాళ్లలో ఎప్పుడూ నవ్వనంతగా నవ్వారు. ఆయన మంచితనం ప్రస్తావన ఎక్కడా రాలేదు. ఉప్మా ఇద్దరూ ఒకే వైపు తిరిగి తిన్నారు.

నంబరు 31 ఇప్పుడు నా దగ్గర లేదు. షావుకారు గారి గల్లాపెట్టె కింద ఉంది. అది ఆయనది. అడగకుండానే ఇచ్చానని రాసుకోవాలని ఉంది, కానీ మా అమ్మ రెండుసార్లు గుర్తుచేసింది. రిజిస్టరులో ఆ వరస ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. సభ అయ్యాక మాస్టారు నన్ను పిలిచి కొత్త ముద్రణ ప్రతి ఒకటి చేతిలో పెట్టారు. లోపలి అట్ట మీద నీలం సిరాతో "అబ్బాయికి. మొహమాటం లేకుండా చదివి, నిజం చెప్పు" అని ఉంది.

దాన్ని ఆ వరసలోనే నమోదు చేశాను. ఇచ్చినవారు: మాస్టారు. పుచ్చుకున్నవారు: నేను. సిరా: నీలం. మొత్తం పేజీలు రెండు వందల ఇరవై ఎనిమిది. ఎంతవరకు చదివారు: ఇవాళ్టికి ఎనభై ఎనిమిది.